కార్మన్ గియా ఇంజిన్ గదికి రబ్బరు సీళ్లు బిగించడం: దించడం నుంచి పరీక్ష దాకా

మీ కార్మన్ గియా వెనక మూత ఎత్తి, ఇంజిన్ చుట్టూ ఉన్న నల్ల రేకుల అంచుల వెంట కిందికి చూడండి. ఎక్కడైనా గ్యారేజీ నేల కనిపించిందా? కనిపిస్తే మీ ఇంజిన్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తోందన్నమాట. ఆ సందు చిటికెన వేలు పట్టేంతే ఉన్నా ఈ పని వాయిదా వేయకండి.

ఇక్కడ చెప్పేదంతా ఫోక్స్‌వ్యాగన్ కార్మన్ గియా టైప్ 14 గురించి. ఆకారం గీసింది ఇటలీలోని టురిన్‌లో ఉన్న గియా సంస్థ. బాడీ కట్టింది జర్మనీలో ఓస్నాబ్రూక్ ఊళ్లోని కార్మన్ ఫ్యాక్టరీ. కింద ఉన్నది మాత్రం అచ్చంగా బీటిల్ ఇంజిన్. 1955 నుంచి 1974 దాకా తయారైంది. దీన్ని స్పోర్ట్స్ కారంటే ముక్కున వేలేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లదీ తప్పు కాదు. మొదటి బళ్లలో 1192 సీసీ ఇంజిన్‌కు ఉన్నది 30 హార్స్‌పవరే. కంపెనీ వాళ్లే ఒక టీవీ ప్రకటనలో ఈ కారును కాగితపు తెర మీదికి ఉరికించి, దాన్ని చింపలేక ఆగిపోయినట్టు చూపించి నవ్వుకున్నారు. ఈ ఇంజిన్ చల్లబడేది గాలితోనే. పోర్షే 356కీ, 1998 దాకా గాలితోనే చల్లబడిన 911లకీ కూడా సీళ్ల సూత్రం ఇదే. రబ్బరు ఆకారం, బిగించే తీరు వేరు. 911లో ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను కలిపి దించుతారు కాబట్టి పని ఇంకాస్త పెద్దది.

నేనుండేది జర్మనీలో. నా బండి 1971 మోడల్ కూపే, 1600 సీసీ ఇంజిన్. ఈ సీళ్లు నేను రెండుసార్లు వేశాను. రెండోసారి ఎందుకు వేయాల్సి వచ్చిందో రబ్బరు ఎక్కించే దగ్గర చెబుతాను.

ఆ రబ్బరు చేసే పని

చాలామంది దీన్ని డోర్ బీడింగ్ లాంటిదే అనుకుంటారు, దుమ్ము, నీళ్లు రాకుండా ఆపేదని. కాదు. ఈ ఇంజిన్‌కు రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఫ్యాన్ బెల్టు జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ జనరేటర్ రెండో చివర ఫ్యాన్ ఉంటుంది. ఫ్యాన్ ఇంజిన్ గదిలోని గాలిని పీల్చి, తన చుట్టూ ఉన్న రేకు డొప్ప, అంటే ఫ్యాన్ హౌసింగ్‌లోంచి సిలిండర్ల రెక్కల మీదుగా కిందికి తోస్తుంది. 1600 ఇంజిన్‌లో 4000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 500 లీటర్లకు పైనే గాలి ఇలా నడుస్తుంది. చల్లగాలి పైనుంచి, మూతకున్న జాలీల్లోంచి రావాలి. వేడిగాలి కిందినుంచి రోడ్డు మీదికి పోవాలి. సైలెన్సర్, పొగ వేడితో హీటర్ గాలిని వేడిచేసే హీట్ ఎక్స్‌చేంజర్లు కూడా ఆ కింది భాగంలోనే కాలుతూ ఉంటాయి.

అంటే ఇంజిన్ గదిని రెండంతస్తుల ఇల్లనుకోండి. మధ్యలో ఉన్న కప్పు ఆ నల్ల రేకులు. కప్పుకీ బాడీ గోడలకీ మధ్య చుట్టూ మిగిలిన సందును మూసేదే ఈ రబ్బరు. పైన ఫ్యాన్ అదే పనిగా పీలుస్తుంటే ఆ గదిలో ఒత్తిడి కాస్త తగ్గుతుంది. అందుకే సందు దొరికితే కింది వేడిగాలి ఊరికే తేలి రాదు, ఫ్యాన్ దాన్ని లాక్కుంటుంది. కార్బ్యురేటర్ కూడా అదే వేడిగాలి పీల్చుకుంటుంది, బండి లాగుడు తగ్గుతుంది. ఆయిల్ పలచబడుతుంది. పాత మోడళ్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్ లోపలే ఉండి మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డు పడేది. కాబట్టి ముందు దెబ్బ తినేది మూడో సిలిండరే.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యం. 1963 తర్వాతి బళ్లలో కారు లోపలికి వచ్చే హీటర్ గాలి కూడా ఈ ఫ్యాన్ నుంచే వెళుతుంది. సైలెన్సర్ జాయింటు దగ్గర చిన్న లీకు ఉండి, సీలు కూడా పోయి ఉంటే, ఆ పొగను ఫ్యాన్ పీల్చి, హీట్ ఎక్స్‌చేంజర్ గుండా తెచ్చి మీ కాళ్ల దగ్గర వదులుతుంది. ఆ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఎండాకాలం ఇంజిన్ కోసం, చలికాలం మనుషుల కోసం ఈ సీలు ఉండాలి.

కొనేటప్పుడు

బీటిల్ సీలు గియాకు పట్టదు. రబ్బరు కూర్చునే బాడీ గాడి మలుపులు వేరు, పొడవు వేరు. టైప్ 14 కోసమే చేసిన సెట్టు అడగండి, బండి తయారైన సంవత్సరం చెప్పండి. పాతది ఎంత పాడైనా, కొత్తది వచ్చేదాకా పారేయకండి. రెండిటినీ నేల మీద పక్కపక్కన పరిచి, కోసిన చివరను చూడండి. బాడీ గాడిలో కూర్చునే వైపు లావుగా ఉంటుంది. రెండో వైపు పైపెదవి, కిందిపెదవి, వాటి మధ్య చీలిక. ఇంజిన్ రేకు అంచు ఆ చీలికలోకి దూరాలి. ఈ ఆకారం పాతదానితో కలవకపోతే వెనక్కి పంపేయండి. "కొంచెం తేడా, సర్దుకుంటుంది" అని ఎవరు చెప్పినా నమ్మకండి.

రబ్బరు రకం కూడా చూడాలి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వేడికీ ఎండకీ బాగా తట్టుకుంటుంది, కానీ పెట్రోలు, ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. అందుకే దీనికి గ్రీజు గానీ ఆయిల్ గానీ పూయకూడదు. గోటితో నొక్కితే గుంట పడి వెంటనే తిరిగి లేవాలి. చేతికి నల్లగా అంటుకునే రబ్బరు, మడిస్తే తెల్లగా గీత పడే రబ్బరు రెండూ ఎక్కువ కాలం మన్నవు.

చుట్టూ వేసే పెద్ద సీళ్లతో పాటు చిన్నవీ ఒకేసారి తెప్పించుకోండి. స్పార్క్ ప్లగ్ వైర్ల టోపీ రబ్బర్లు నాలుగు, హీటర్ గాలి పైపులు రేకులోంచి దిగే చోట వేసే రబ్బర్లు రెండు, పెట్రోలు పైపు ముందు రేకును దాటే చోట రంధ్రం అంచుకు వేసే రబ్బరు రింగు, అంటే గ్రోమెట్, వైర్ల గ్రోమెట్లు, సైలెన్సర్ నుంచి పైకి వచ్చే వేడి గొట్టాల చుట్టూ వేసే గ్యాస్కెట్లు. వీటన్నిటి ఖరీదు కలిపినా పెద్ద సీలు ధరకు రాదు. ఇంజిన్ దించాక ఒక గ్రోమెట్ కోసం వారం రోజులు ఎదురుచూడటం ఉందే, అది మాత్రం భరించలేం. పెట్రోలు రబ్బరు పైపు, దాని క్లిప్పులు కూడా ఈ జాబితాలో రాసుకోండి. పాత పెట్రోలు పైపు పగిలి కాలిపోయిన బళ్ల కథలు ఈ ఇంజిన్లతో తిరిగేవాళ్లందరికీ తెలుసు.

ఇంజిన్ దించకుండా కుదరదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. వెనక వైపు, పక్కల కొంత భాగం ఇంజిన్ ఉండగానే మార్చవచ్చు. ముందు వైపు, అంటే సీట్ల వెనక గోడ వెంట ఉన్న భాగానికి చెయ్యి పోదు. ఎలాగో దూర్చినా రబ్బరు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కనిపించదు. నా మాట అడిగితే, క్లచ్ మార్చడానికో ఆయిల్ లీకు చూడటానికో ఎలాగూ ఒకరోజు ఇంజిన్ దించాల్సి వస్తుంది, అప్పటిదాకా కనిపించే సందులు మాత్రం సర్ది, ఆ రోజు పూర్తిగా చేయండి. సందులు పెద్దవైతే ఆ రోజును ముందుకు జరపండి.

ఇంజిన్ దించడం

దించే పద్ధతి మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో వివరంగా ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. నేను వరస మాత్రం చెబుతాను.

ముందు బ్యాటరీ. బీటిల్‌లో వెనక సీటు కింద ఉంటుంది కానీ, గియాలో ఇంజిన్ గదిలోనే కుడి పక్క ఉంటుంది. ఎర్త్ వైరు తీసి, తర్వాత రెండోది తీసి, బ్యాటరీని బయట పెట్టేయండి. దాని కింద పళ్లెం ఎలా ఉందో ఇప్పుడే చూడండి, ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఎడమ పక్కనున్న ఎయిర్ క్లీనర్ తీయండి. అడుగున ఆయిల్ పోసి ఉండే ఆయిల్ బాత్ రకమైతే వంచకుండా ఎత్తండి, లేకపోతే ఆ ఆయిలంతా మీ ప్యాంటు మీదే. జనరేటర్, కాయిల్, చోక్, ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైర్లు విప్పే ముందు ఫోన్లో ఫోటో తీసుకుని, ఒక్కో వైరుకు టేపు ముక్క అంటించి పేరు రాయండి. యాక్సిలరేటర్ కేబుల్‌ను కార్బ్యురేటర్ దగ్గర వదులు చేసి, ఫ్యాన్ హౌసింగ్‌లో ఉన్న గొట్టంలోంచి ముందు వైపుకి తోసేయండి. ఇది మరిచిపోతే ఇంజిన్ సగం దిగాక గుర్తొస్తుంది. వెనక రేకు, దాని మీది చిన్న పలకలు, హీటర్ గాలి పైపులు తీయండి.

బండి వెనక భాగాన్ని ఎత్తి, వెనక చక్రాల ముందు అడ్డంగా ఉండే లావు గొట్టం, అంటే టోర్షన్ ట్యూబు కింద రెండు పక్కలా గట్టి స్టాండ్లు పెట్టండి. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు. ఎంత ఎత్తాలో ఊహించకండి. జాకీ మీద కూర్చున్న ఇంజిన్ మొత్తం ఎత్తు కొలిచి, అది బాడీ వెనక అంచు కిందుగా బయటికి వచ్చేలా చూసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోవద్దు.

కింద పెట్రోలు పైపు విప్పి, చివర మూసేయండి. దగ్గర్లో సిగరెట్టు, హీటర్, వేడి బల్బు ఏవీ ఉండకూడదు. హీటర్ కేబుళ్లు, పైపులు విప్పండి. తర్వాత ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు పట్టి ఉంచే నాలుగు బిగింపులు. కింది రెండూ సులువు. పై రెండిటికి ఫ్యాన్ హౌసింగ్ వెనక చెయ్యి పెట్టి తడుముకోవాలి, కొన్ని మోడళ్లలో రెండో వైపు తిరగకుండా ఇంకొకరు పట్టుకోవాలి. 17 నంబరు పానా చాలు. ఇంజిన్ సుమారు 110 కిలోలు. జాకీ మీద చెక్క పలక వేసి, బరువు దాని మీద ఆనాకే చివరి నట్టు తీయండి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బయటికి వచ్చేదాకా, అంటే పది సెంటీమీటర్ల దాకా, తిన్నగా వెనక్కి లాగాలి. ఆ తర్వాతే కిందికి. ఆ షాఫ్ట్ మీద ఇంజిన్ బరువు వేలాడితే క్లచ్ ప్లేట్ వంగుతుంది.

పాత రబ్బరు, కింది తుప్పు

పాత సీలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. గాడిలో ఎండిపోయిన భాగాన్ని మొద్దు స్క్రూడ్రైవర్‌తో గీకండి. గాడి పెదాలు పల్చటి రేకు, బలంగా మీటితే అక్కడికక్కడే వంగిపోతాయి. రాని చోట హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే మెత్తబడుతుంది. హీట్ గన్ వాడేట్టయితే పెట్రోలు పైపు చివర మూసి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని వాడండి.

పని నాణ్యత తేలేది ఇక్కడే. రబ్బరు కింద యాభై ఏళ్లుగా తడి నిలిచి ఉంటుంది, గాడి అడుగున తుప్పు ఉండకపోవడం అరుదు. గియాలో అన్నిటికంటే పాడయ్యేది కుడి పక్క, బ్యాటరీ దగ్గరి భాగం. బ్యాటరీ యాసిడ్ ఆవిరి, చుక్కలు పళ్లేన్ని తిని, పక్కనున్న గాడి దాకా పోతాయి. ముందు బేకింగ్ సోడా కలిపిన నీళ్లతో అక్కడంతా కడగండి, నురుగు రావడం ఆగేదాకా. తర్వాత మంచి నీళ్లు, పూర్తిగా ఆరనివ్వండి. వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి, స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూడండి. మొన దూసుకుపోతే పెయింటుతో కప్పకండి, ఆ ముక్క కోసి వెల్డింగ్ చేయించాల్సిందే. కుళ్లిన గాడిలో కొత్త రబ్బరు నిలవదు.

గట్టిగా ఉన్న చోట తుప్పు మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావకం రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, ఎపాక్సీ ప్రైమర్, పైన రంగు. రంగు పలచగా వేయండి. గాడిలో మందంగా వేస్తే ఆ మేరకు గాడి ఇరుకవుతుంది, రబ్బరు ఎక్కదు. పైకి ఆరినట్టు కనిపించినా ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయండి. పచ్చి పెయింటు మీద రబ్బరు తోస్తే పెయింటు రబ్బరుకు అతుక్కుని వచ్చేస్తుంది.

వంగిన గాడి అంచుల్ని బల్లపరుపు దవడల ప్లయర్‌తో మెల్లగా సరిచేయండి. కొత్త సీలు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని, ప్రతి జానెడుకూ దూర్చి చూస్తూ పొండి. చేత్తో నొక్కితే గట్టిగా దూరాలి, లాగితే తేలిగ్గా ఊడకూడదు.

ఇంజిన్ రేకులు

ఇంజిన్ ఎలాగూ బయటే ఉంది. రేకుల అంచులు మొత్తం చేత్తో తడిమి చూడండి. ఎవరో ఎప్పుడో మీటినప్పుడు వంగిన చోట్లు, చీలికలు, గరుకు మొనలు ఉంటాయి. ఆ మొనలు కొత్త రబ్బరు పెదవిని బ్లేడులా కోస్తాయి. కింద చెక్క దిమ్మ పెట్టి సుత్తితో తట్టి సాపు చేయండి, ఆకురాయితో అంచు గుండ్రం చేయండి. పౌడర్ కోటింగ్ చేయించాలనుకుంటే అంచుల దగ్గర పలచగా ఉండాలని ముందే చెప్పండి. మెరిసే క్రోమ్ రేకులు బజార్లో దొరుకుతాయి. నాకు నచ్చవు. అంచులు సరిగ్గా కలవవు, నల్ల రంగు రేకంత బాగా వేడిని వదలవు. ఇంజిన్ మూత ఎత్తి అందరికీ చూపించేవాళ్లకు అవి, బండి నడిపేవాళ్లకు నల్లవి.

రబ్బరు ఎక్కించడం

ఇదే అసలు పని, ఇక్కడే నేను మొదటిసారి తప్పు చేశాను. సీలును ఒక చివర నుంచి మొదలుపెట్టి, గాడిలో దూర్చుతూ, లాగి సర్దుతూ రెండో చివర దాకా పోయాను. చక్కగా బిగుతుగా కూర్చుంది. చివర మిగిలిన అర జానెడు ముక్కను కోసి పారేసి, మురిసిపోయాను. డిసెంబరు వచ్చేసరికి బ్యాటరీ మూల దగ్గర మూడు సెంటీమీటర్ల సందు. హీటర్ వేస్తే కాలిన ఆయిల్ వాసన. రబ్బరు కొన్నప్పటి పొడవుకు తిరిగి వెళ్లిపోయింది, అంతే. నేను కోసి పారేసిన ముక్క అసలు మిగులే కాదు, నేను సాగదీసి సృష్టించింది.

కాబట్టి రబ్బరును ఎప్పుడూ లాగకండి, తోయండి. లంగాకు బొందు ఎక్కించేటప్పుడు గుడ్డను కుచ్చుగా దగ్గరికి జరుపుతారు కదా, చెయ్యి అలాగే నడవాలి. రబ్బరు గాడిలో కొద్దిగా ఒత్తుకుని ఉండాలి, సాగి ఉండకూడదు.

పని మొదలుపెట్టే ముందు సీలును గంటసేపు వెచ్చటి చోట పరచండి. పెట్టెలో చుట్టలు చుట్టుకుని వస్తుంది, చల్లగా ఉండగా వేస్తే మొండికేస్తుంది. ఎండలో పరిచినా, చేయి పెట్టగలిగేంత వేడి నీళ్లలో ముంచినా మెత్తబడుతుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక డబ్బాలో, ఒక చిన్న బ్రష్. పని అయ్యాక ఆ సబ్బు ఆరిపోయి రబ్బరు గాడిని పట్టుకుంటుంది. సిలికాన్ స్ప్రే వాడేవాళ్లున్నారు, తప్పు కాదు, కానీ ఆరదు. గాడిలో రబ్బరు తర్వాత కూడా జారుతూ ఉంటుంది. అందుకే గాడి వైపు సబ్బు నీళ్లు, పెదవుల వైపు కావాలంటే సిలికాన్.

సీలు మధ్య బిందువుకు సుద్దముక్కతో గీత పెట్టండి. బాడీ గాడి మధ్యలో, గోడ వైపున, ఇంకో గీత. రెండు గీతలూ కలిపి అక్కడ ఒక జానెడు దూర్చండి. పెదవులు ఇంజిన్ వైపు చూడాలి, తలకిందులు కాకూడదు. ఇది చెప్పనక్కర్లేదు అనిపిస్తుంది, కానీ రాత్రి పదింటికి అలసిపోయి వేస్తున్నప్పుడు తలకిందులు అవుతుంది. అక్కడి నుంచి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, రెండు పక్కలా సమానంగా పోండి. ఒక బొటనవేలితో రబ్బరును గాడిలోకి నొక్కి, రెండో చేత్తో ముందున్న రబ్బరును ఆ వేలి వైపుకి తోయండి. మొండికేసిన చోట చెక్క గరిటె కాడో, ప్లాస్టిక్ చీలికో వాడండి. స్క్రూడ్రైవర్ వద్దు, ఒక్కసారి జారితే పెదవి చిరుగుతుంది. చిరిగిన సీలు అక్కడి నుంచి పగులుతూ పోతుంది.

మూలల దగ్గర తొందరపడకండి. మలుపు లోపల రబ్బరు ముడత పడుతుంది, బయట సాగుతుంది. మలుపుకు ముందు ఒకటి రెండు సెంటీమీటర్లు అదనంగా తోసి, మూల తిప్పి, దాటాక మళ్లీ తోయండి. వెనక్కి వచ్చి చూస్తే మూలలో రబ్బరు గాడి అడుక్కి ఆని ఉండాలి, పైకి లేచి వంతెనలా ఉండకూడదు. లేచి ఉంటే ఆ మూల తీసి మళ్లీ వేయండి. ఒకే మూల నేను నాలుగుసార్లు వేశాను.

చివరలు ఆ రోజు కోయకండి. రాత్రంతా అలాగే వదిలేయండి, రబ్బరు తన చోటు తాను చూసుకుంటుంది. మర్నాడు అంతా ఇంకోసారి నొక్కుతూ వచ్చి, అప్పుడు పదునైన కొత్త బ్లేడు నీళ్లలో తడిపి, కావలసిన దానికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోయండి. ఆ సెంటీమీటరును లోపలికి తోసేయండి. ఇంకో ముక్కతో కలిసే చోట రెండు చివరలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండాలి. చివరి రెండు మూడు సెంటీమీటర్లలో మాత్రం గాడిలో రబ్బరు జిగురు చుక్క వేయడం మంచిదే. మొత్తం పొడవునా జిగురు పూయడం దండగ, పైగా తర్వాత తీసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఆ తీసేవాడు మీరే కావచ్చు.

చిన్న రంధ్రాలు

పెద్ద సీలు అందంగా వేసి ఇక్కడ వదిలేసేవాళ్లు చాలామంది. ప్లగ్ వైర్ల రబ్బర్లు ఎండి చిట్లితే, సిలిండర్‌కు చేరాల్సిన గాలి ఆ నాలుగు చోట్లా బయటికి తన్నుకొస్తుంది. రబ్బరు రేకుకు చుట్టూ పూర్తిగా ఆనాలి. వేడి గొట్టాల చుట్టూ ఉన్న చిన్న పలకలు, గ్యాస్కెట్లు మళ్లీ బిగించండి, వాటి స్క్రూలు చాలా బళ్లలో కనిపించకుండా పోయి ఉంటాయి. హీటర్ తీసేసిన బండైతే రేకులోని ఆ పెద్ద రంధ్రాలు, ఫ్యాన్ హౌసింగ్‌కున్న రెండు మూతులు కూడా మూయాలి. ఒకటి మూసి ఒకటి వదిలితే సగం పనే. 1971 మోడల్ నుంచి ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్ లోపలి నుంచి బయటికి, సీట్ల గోడ వైపుకి జరిగింది. దాని చుట్టూ ఉండే స్పాంజి పట్టీ, వేడిగాలిని కిందికి పంపే రేకు ఉన్నాయో లేదో చూడండి. ఆ రేకు ఎవరైనా తీసేసి ఉంటే కూలర్ వేడంతా ఇంజిన్ గదిలోకే వస్తుంది.

పెట్రోలు పైపు గ్రోమెట్ లేకుండా ఇంజిన్ ఎక్కించకండి. ఇనుప పైపు రేకు అంచుకు రాసుకుని అరుగుతుంది. అన్నిటికంటే చౌకైన ముక్క ఇదే, మొత్తం బండిని కాల్చగలిగిందీ ఇదే.

ఇంజిన్ మళ్లీ ఎక్కించడం

ఒంటరిగా చేసే పని కాదు. నాకు మా బావమరిది సాయం వచ్చాడు, జాకీ దగ్గర వాడు, పైన ఇంజిన్ గదిలో తల దూర్చి నేను. "బావా, ఇంకొంచెం ఎత్తనా?" అని వాడు, "ఆగరా, పెదవి మడత పడింది" అని నేను. గంటన్నర ఇదే సంభాషణ.

రేకుల అంచులకు, సీలు చీలికకు సబ్బు నీళ్లు బాగా రాయండి. ఇంజిన్‌ను బండి కిందికి తెచ్చి, షాఫ్ట్ ఎత్తుకు లేపి, మెల్లగా ముందుకు జరపాలి. ముందు రేకు గోడ వైపు సీలు చీలికలోకి ముందుగా దూరాలి, ఎందుకంటే తర్వాత అక్కడికి చెయ్యి పోదు. టార్చి వేసి చూడండి. రేకు రెండు పెదవుల మధ్య ఉందా, లేక కిందిపెదవిని మడిచి తోసుకుంటూ పోతోందా? మడత పడితే వెనక్కి లాగండి. బలవంతంగా బోల్టులతో లాక్కురావద్దు. షాఫ్ట్ కూర్చోకపోతే క్రాంక్ పుల్లీని పానాతో కొద్దిగా తిప్పితే పళ్లు కలుస్తాయి. నాలుగు బిగింపులూ చేత్తో సగం దాకా తిప్పాక, మళ్లీ చుట్టూ పెదవులు చూసి, అప్పుడు 30 న్యూటన్ మీటర్లకు బిగించండి.

పక్కల సీలును ఇప్పుడు చేత్తో సర్దాలి. మొద్దు ప్లాస్టిక్ చీలికతో పైపెదవిని ఎత్తి రేకు మీదికి, కిందిపెదవిని రేకు కిందికి. ఒక పక్క పూర్తయ్యాక రెండో పక్క. వెనక రేకు చివర్లో వేస్తాం. దాని అంచు కూడా చీలికలో కూర్చున్నాకే స్క్రూలు వేయండి. స్క్రూలన్నీ వదులుగా వేసి, రేకు తన చోట కూర్చున్నాక ఒక్కొక్కటిగా బిగించండి. తర్వాత పెట్రోలు పైపు, కేబుళ్లు, వైర్లు, ఎయిర్ క్లీనర్, అన్నిటికంటే చివర బ్యాటరీ. ఎర్త్ వైరు ఆఖరిది.

పరీక్ష

రాత్రి గ్యారేజీ లైట్లు ఆర్పేసి, బండి కింద గట్టి టార్చి వెలిగించి పెట్టండి. మూత ఎత్తి పైనుంచి చూస్తే చుక్క వెలుతురు కనిపించినా అక్కడ సందు ఉన్నట్టే. నేను ఈ పరీక్షలో ఎడమ మూల గ్రోమెట్ ఒకటి తలకిందులుగా వేసినట్టు పట్టుకున్నాను.

రెండో పరీక్ష ఇంజిన్ నడుస్తుండగా, బండి ఆరుబయట పెట్టి. పలచటి టిష్యూ కాగితం సన్నగా చింపి, ఒక పుల్లకు అంటించి, సీలు అంచుల వెంట మెల్లగా తిప్పండి. కాగితం పైకి ఎగిరితే కిందినుంచి గాలి వస్తోంది. ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉండండి, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు వద్దు. పొగ కనిపిస్తుంది కదా అని అగరబత్తి వాడదామనే ఆలోచన మనవాళ్లకు వెంటనే వస్తుంది. కార్బ్యురేటర్ పక్కన నిప్పు కణిక పెట్టడం అది. వద్దు.

ఆయిల్ వేడి కొలిచే డిప్‌స్టిక్ థర్మామీటర్ ఉంటే, పని మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే రోడ్డు మీద అదే వేగంలో నడిపి కొలవండి. 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటుతుంటే సీలు వేసినా వేరే జబ్బు ఉందని అర్థం. స్పార్క్ టైమింగ్, పెట్రోలు-గాలి మిశ్రమం, ఫ్యాన్ హౌసింగ్‌లో ఇరుక్కున్న గుడ్డలు చూడాలి. అవును, గుడ్డలే. మునుపటి యజమాని మరిచిపోయిన తుడుపు గుడ్డ ఒకటి నా బండి కూలర్‌కు అతుక్కుని దొరికింది.

500 కిలోమీటర్లు తిరిగాక రేకు స్క్రూలు ఒకసారి బిగించి, సీలు చివరలు చూడండి. మొదటి చలికాలం దాటాక మళ్లీ చూడండి, ముఖ్యంగా బ్యాటరీ మూల. అక్కడ చివర జరిగి ఉంటే, ఒక పక్క నుంచి వేలితో తోసుకుంటూ వస్తే ఆ మిల్లీమీటర్లు దొరుకుతాయి.